గోల్‌కీపర్ ముఖం మీద వెలుతురు

8-2-1955, మంగళవారం

మా ఇంట్లో వాళ్ళకి వెలుతురు అర్థం కాదు. ప్రేమ మాత్రం, లేనిచోట కూడా, ఇట్టే అర్థమైపోతుంది.

కిందటి వారం నేను తీసిన ఫుట్‌బాల్ మ్యాచ్ ఫోటోలు వైజాగ్ స్టూడియో నుంచి పోస్టులో వచ్చాయి. ఎనిమిదింటిలోనూ ఆటగాళ్ళు నల్లటి నీడలు. గోల్‌కీపర్ సత్యారావు ఒక్కడే పళ్ళతో సహా స్పష్టంగా పడ్డాడు. అచ్చియ్యమ్మత్త ఫోటోలన్నీ చాప మీద పరిచి, నన్నూ, ఫోటోలో సత్యారావునీ చూపించి, ఓలమ్మో, ఈ గుంట ఆ గుంటడి కోసమే ఎల్తందర్రా అంది. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

9-2, బుధవారం

చెప్పి చూశాను. ఆడవాళ్ళని కూర్చోబెట్టేది తూర్పు వైపు. సాయంత్రం ఎండ తిన్నగా లెన్స్‌లోకి కొడుతుంది. మనుషుల వీపులకి వెలుతురు, ముఖాలకి చీకటి. ఉత్తరం గోల్ దగ్గర మాత్రం, మా వైపునే, బడి గోడ ఉంది. కొత్తగా సున్నం వేశారు. ఎండ దాని మీద పడి సత్యారావు ముఖానికి తిరిగొస్తుంది. పైగా నా దగ్గరున్నది మావయ్య వాడుకోమని ఇచ్చిన బాక్స్ కెమెరా. పరుగెత్తేవాళ్ళు చెదిరిపోతారు, నిలబడ్డవాడు నిలుస్తాడు. రెండో హాఫ్‌లో ఆ గోల్‌లోకి అవతలివాడు వస్తాడు, అప్పటికి ఎండ ఉండదు.

అత్త అంతా విని, సూడండే, గోడ మీదకి తోసేసింది అంది. అమ్మ నవ్వింది. అమ్మ నవ్వకుండా ఉండాల్సింది.

11-2, శుక్రవారం

నాన్న తీర్పు. ఆదివారం దేవరాపల్లి వాళ్ళతో ఫైనల్, నాకూ అదే ఆఖరు. తర్వాత కెమెరా మావయ్యకి తిరిగిచ్చేయాలి. అత్త నా పక్కనే కూర్చుంటుంది.

ఆట ఆటలా కనిపించే ఫోటో ఒక్కటి తెస్తే డార్క్‌రూమ్ పనిలో పెట్టుకుంటానని వైజాగ్ స్టూడియో అనంతరామయ్యగారు అన్నారు. ఒక్కటి. పడమటి లైను మీద నిలబడితే ఎండ నా వీపు వెనక ఉంటుంది. అక్కడ అందరూ మగవాళ్ళే.

12-2, శనివారం

పాలుపోసే దేముడమ్మ, సత్తెరావు మంచోడేనమ్మా అని నాకు ధైర్యం చెప్పి వెళ్ళింది.

13-2, ఆదివారం, సాయంత్రం ఏడు

మాట సత్యారావు దాకా వెళ్ళింది. తలకి నూనె, పక్క పాపిడి. నేను కెమెరా ఎత్తినప్పుడల్లా నావైపు తిరిగి, నిటారుగా నిలబడి నవ్వాడు. అలా నవ్వుతుండగానే దేవరాపల్లి వాళ్ళ బంతి అతని పక్కనుంచి లోపలికి దొర్లింది.

జనం బంతిని చూడలేదు. నన్ను చూశారు. ఎవడో, బొమ్మ బాగా పడిందేటమ్మా అని అరిచాడు. పదవే సిన్నమ్మీ, పరువు తీసేవు అని అత్త చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

చివర్లో మనవాళ్ళూ ఒకటి కొట్టారట. డ్రా. రేపు మళ్ళీ ఆడతారట. సత్యారావుని తీసేశారట. పాపం, అతనికి నేనేమీ చెప్పలేను. చెప్పడానికి వెళ్తే దానికీ అదే అర్థం.

రేపు గడప దాటొద్దన్నారు నాన్న. సాయంత్రం బస్సుకి మావయ్య వచ్చి కెమెరా పట్టుకుపోతాడు.

14-2, సోమవారం, మధ్యాహ్నం మూడున్నర

నాన్న ఆఫీసులో. అత్త నిద్రలో. ఫిల్ములో ఇంకా మూడు ఫోటోలకి చోటుంది.

పడమటి లైను మీద నిలబడితే నా నీడ నా ముందు, గ్రౌండులో పడుతుంది. అందరికీ కనిపిస్తుంది.

అక్కడే నిలబడతాను.