జ్వరంలో ఉన్న జట్టు

అన్నా,

నువ్వు పోయి నిన్నటికి యేడాది. బెంగళూరుకు ఇప్పుడు ఇరవై ఓవర్ల క్రికెట్ జట్టు కూడా వచ్చింది. అదీ నువ్వు వెనకేసుకొచ్చే అక్కడి ఫుట్‌బాల్ జట్టులాగే పాయింట్ల పట్టికలో అడుగునే ఉంది. అందరూ పేరున్న ఆటగాళ్ళే. కానీ అయిదు రోజుల ఆటకు కావలసిన ఓపికంతా ఇరవై ఓవర్లలో చూపిస్తే ఎట్లా? చూస్తుంటే ఒళ్ళు మండుతుంది.

నేను మొదటిసారి పట్టుపురుగులు మేపినప్పుడు, ఆకు ముట్టకుండా తలెత్తి కదలక ఉన్నాయని, చచ్చాయనుకుని ఒక తట్టెడు దిబ్బలో పోసేశాను. నువ్వు ఒక్కొక్కటే ఏరి తెచ్చావు.

"అవి చావలేదురా, జ్వరంలో ఉండాయి. తోలు ఇడిసి మళ్ళా మేస్తాయి. జ్వరంలో ఉండేదాన్ని ఎవురన్నా పారేస్తారా?" అన్నావు.

ఆ తర్వాత నీ ఫుట్‌బాల్ జట్టు ఓడినప్పుడల్లా అదే మాట: "జ్వరంలో ఉండార్రా." వదినేమో, "ఓడేవాళ్ళను చూసేదానికి చింతామణిలో బస్సెక్కి బెంగళూరు దాకా పోతాండాడు మీయన్న" అని నవ్వేది.

నిన్న సాయంత్రం ఆరో వికెట్ పడగానే విసుగొచ్చి టీవీ కట్టేయబోయాను. వదిన పక్కనే కూర్చుని పురుగులకు ఆకు తరుగుతోంది. తలెత్తకుండానే అంది:

"ఉండనీప్పా. జ్వరంలో ఉండారు."

ఆఖరి బంతి దాకా ఇద్దరం చూశాం. ఓడిపోయారు. వదిన కత్తి పక్కన పెట్టి అడిగింది:

"మళ్ళా ఆట ఎప్పుడప్పా?"