నేను తిప్పిన స్క్రూ

తమ్ముడు జాకీర్‌కి,

నీ షెడ్డు నా షెడ్డుకు ఎదురుగానే ఉన్నా, నోటితో చెప్పలేక రాస్తున్నాను.

గవర్రాజు పదేళ్లుగా నా దగ్గరే బండి బాగుచేయించుకునేవాడు. మూడు రోజుల క్రితం సాయంత్రం మాత్రం హెడ్‌లైటు సరిచేయించుకోవడానికి నీ దగ్గరకు వచ్చాడు. తర్వాత నా షెడ్డు ముందు బండి ఆపి, "జాకీర్ సెయ్యి పడితే బండికి సూపొచ్చినట్టుంది బావ" అన్నాడు. ఆ మాట ఓర్చుకోలేకపోయాను. అతను టీ తాగడానికి వెళ్లగానే స్క్రూ తిప్పి, లైటు వెలుగు పైకి పడేలా చేశాను.

మర్నాడు తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకు వెళ్తూ అతను గుంత కనపడక పడిపోయాడు. చెయ్యి విరిగింది. హార్బరంతా నిన్ను తిడుతుంటే రెండు రోజులు విన్నాను. సంతోషించాను కూడా.

ఈరోజు ఆసుపత్రికి వెళ్లి అతనికి నిజం చెప్పాను.

"జాకీర్‌ని అనరాని మాటలన్నాను. బండి ఆడికే అప్పజెప్పు" అన్నాడు.

బండి నీ షెడ్డు ముందు పెట్టాను. తాళం ఈ కవరులోనే ఉంది.

క్షమించమని అడగడానికే రాయడం మొదలుపెట్టాను. కానీ అబద్ధం రాయలేను. ఆసుపత్రిలో అతను బండి నీకే అప్పజెప్పమన్నప్పుడు కూడా నాకు నీమీద అసూయే కలిగింది.

ఒకే ఉస్తాద్ దగ్గర నీతోపాటు పని నేర్చుకున్న,
నీ అన్న