కాజా పాఠం బరువు తగ్గింది

కుట్టు టీచరమ్మ గారికి,

ఆఫీసుకు పోతున్నాను. నువ్వు కాజా కుట్టే వీడియో లాప్‌టాప్‌లో ఉంది. "చిన్నది" అని పేరు పెట్టిన ఫైలే అప్‌లోడ్ చెయ్యి. అయ్యేదాకా మూత వెయ్యకు. నీ మొదటి పాఠం కోసం సాయంత్రానికల్లా నేర్చుకునేవాళ్లందరూ కాచుక్కూర్చుంటారు.

నిన్న పెద్ద ఫైలు ఎక్కకుండా సగంలోనే ఆగిపోయింది కదా, ముందు క్వాలిటీ తగ్గించి చూశాను. సైజు తగ్గింది గానీ నీ దారం మాయమైంది. సూది ఒక్కటే గాలిలో ఈత కొడుతోంది. దారం కనబడని కుట్టు ఎవరికి కావాలి? అందుకని ఆ జోలికి పోలేదు. కుట్టేది నువ్వు, కట్ చేసేది నేను అనుకుని, మొదట్లో ఉన్న నా పరిచయ ప్రసంగం మొత్తం కత్తిరించాను. "ఏమండీ, ఇది నా పాఠమా, మీ సన్మానమా?" అన్నావుగా! ఫైలు సగానికి సగమైంది. నా నోటి బరువెంతో ఇప్పుడు తెలిసింది.

నీ చేతి పని దగ్గర్నుంచి చూస్తుంటే ఛాతీ ఉబ్బి చొక్కా గుండీ ఊడింది. అదీ నువ్వే కుట్టాలి.

అన్నట్టు, చివర్లో నువ్వు దారం తెంపగానే "అదీ మా ఆవిడంటే!" అని ఓ అరుపు వినిపిస్తుంది. అది మాత్రం కత్తిరించలేదు. దానికేం బరువుండదు, ఉండనివ్వు.