పిడుగురాళ్ళలో ఇల్లు

1962 జూన్ 11, సోమవారం

బడి తెరిచారు. రెంటచింతల ఎండ ఇంకా దిగలేదు – సుద్దముక్క పట్టుకున్నా వేడిగానే ఉంది. పిల్లకాయలు సగం మంది రాలేదు. వచ్చినోళ్ళకీ కునికిపాట్లు, నాకూ కునికిపాట్లే.

కాన్వెంటు మదర్ పిలిచింది. నేను నెల తప్పిన సంగతి ఎవరు మోశారో ఏమో. కోప్పడలేదు, నవ్వింది. నవ్వుతూనే చెప్పింది – ఈ గదులు ఒంటరి ఆడ టీచర్లకి, పసిబిడ్డతో వీలు పడదు, క్రిస్మస్ లోపల ఎక్కడన్నా ఇల్లు చూసుకో, ఉద్యోగం మాత్రం వదులుకోకు అని. ఇల్లు చూసుకోవాలంట. పెళ్ళయిన కాడ్నుంచీ మేం చేసే పని ఇంకేముంది తల్లీ.

జూన్ 17, ఆదివారం

చర్చిలో పూజ అయ్యి బయటికొచ్చేసరికి ఆయన వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నరసరావుపేట నుంచి పిడుగురాళ్ళకి బస్సు, అక్కడ్నుంచి ఇక్కడికి రైలు. కోర్టులో టైపు కొట్టే మనిషికి ఆదివారం ఒక్కటే సెలవు, అదీ సగం దారిలోనే పోద్ది. మగాళ్ళని గదిలోకి రానీరు. బల్లకి ఆ చివర ఆయన, ఈ చివర నేను, నడుమ ఆయన తెచ్చిన అరటిపళ్ళు. ఇదీ మా కాపరం.

ఊళ్ళన్నీ మళ్ళీ తిరగేశాం. మాచర్ల – డ్యాం పనికొచ్చినోళ్ళు గొడ్ల కొట్టాలు కూడా వదల్లేదు. గురజాల – నాకు బాగుంటది, ఆయన కోర్టు వేళకి అందుకోలేడు. నరసరావుపేట – ఆయనకి హాయి, నేను పొద్దున బడికి చేరే దారే లేదు. తిరిగి తిరిగి పిడుగురాళ్ళే. ఆయన బస్సూ నా రైలూ కలిసే ఊరు అదొక్కటే. సున్నపు బట్టీల పొగంటారు… పోనీ పొగ.

అక్కడ ఊరవతల పల్లెలో అడిగి చూశాడంట. మనోళ్ళే, మంచోళ్ళే, కానీ ఒక్కో పాకలో రెండేసి సంసారాలు. ఊళ్ళో అడిగితే మొదటి మాట కులమే – "మీరేమిట్లు?" కిరస్తానీలమంటే ఇంక రెండో మాట ఉండదు. తలుపు వేసేస్తారు.

జూన్ 20, బుధవారం

ఎడ్లపాడు నుంచి అత్తగారి కబురు. ఉద్యోగం మానేసి వచ్చెయ్యమంట. వచ్చాక ముందు బాప్తిస్మం తీసుకోవాలంట – వాళ్ళ పద్ధతిలో, నీళ్ళలో మునిగి. చిన్నప్పుడు మా చర్చి ఫాదర్ నెత్తిన పోసిన నీళ్ళు లెక్కలోకి రావు ఆమెకి. ఆమె లెక్కలో నేనింకా తడవనే లేదు.

ఉద్యోగం మానితే ఆయనొక్కడి జీతం. పైగా ఆయన నరసరావుపేటలోనే, నేను అత్త దగ్గర. దేనికా పోవటం?

జూన్ 24, ఆదివారం

ఇల్లు దొరికింది!

దూరం నుంచే తెలిసిపోయింది నాకు, ఆయన నడకలో. పిడుగురాళ్ళలో, స్టేషన్‌కి దగ్గర. రైతుల ఇల్లు, వెనకవైపు రెండు గదులు, బావి. ఇంటావిడ పెద్దది, మొగుడు పోయాడు, కొడుకులు పొలాల మీదుంటారు. కోర్టు ఉద్యోగమంటే చానా మర్యాద చేసిందంట.

"ఏమిట్లని అడగలేదా?" అన్నా.

నేల చూపులు చూశాడు. ఆయన పేరు ప్రసాదరావు. ఆ పేరు చూసి ఎవరూ ఏదీ చెప్పలేరు. ఆమె తనకి తోచింది అనుకుంది, ఈయన కాదనలేదు. "అబద్ధం ఆడలా, ఊరుకున్నా" అంటాడు. మరి నా పేరేం చెప్పారు అంటే – అరుణ అని చెప్పాడంట. ఊరుకోవటం అంటే ఇదేనా! ఆరోగ్యమ్మ అని మా అమ్మ మొక్కుకుని పెట్టుకున్న పేరు. అరుణంట.

జేబులోంచి తిలకం సీసా తీసి ఇచ్చాడు. పెళ్ళినాడు మా అమ్మ పెట్టిన బొట్టుని వాళ్ళమ్మ కొంగుతో తుడిచేసింది, మా ఇంట ఇవి లేవని. అప్పుడు నోరు పెగల్లేదు ఈ మనిషికి. ఇప్పుడు సొంత చేత్తో సీసా కొనుక్కొచ్చాడు. నవ్వాలో ఏడవాలో తెలీక తీసుకున్నా.

జూన్ 26, మంగళవారం

అద్దం ముందు తిలకం పెట్టుకుని చూశా. బాగానే ఉంది. దాంతో ఇంకా ఏడుపొచ్చింది.

జులై 1, ఆదివారం

పూజ ఎగ్గొట్టి రైలెక్కా. తలనొప్పని చెప్పా మదర్‌కి. ఎగ్గొట్టింది చాలదన్నట్టు అబద్ధం ఒకటి.

ఇల్లు… చెప్పుకోకూడదు గానీ నాకు చానా నచ్చింది. పెద్ద గదికి తూర్పు కిటికీ. వంటింట్లో గట్టు. ఉయ్యాల వెయ్యటానికి దూలం ఎక్కడుందో చూసుకున్నా, ఆయనకి చెప్పలేదు. ఆయనేమో తలుపు గడియ తీస్తాడు, వేస్తాడు, మళ్ళీ తీస్తాడు. చిన్నపిల్లాడు నయం.

పాలు పొంగించాలని ఇంటావిడే పట్టుబట్టింది. పొయ్యి ఆమే రాజేసింది, పాలు ఆమె గేదెవే. తూర్పుకి పొంగినయ్యి, మంచిదంది. అమ్మాయ్ అనీ తల్లీ అనీ నోరారా పిలిచింది. నా మొహం చూసి ఎన్నో నెల అని అడిగింది. చెప్తే చెక్కిలి పుణికింది. వట్టిమనిషివి కాదు, ముందు నువ్వు తాగాలని గ్లాసు నా చేతికిచ్చింది.

తాగబోయే ముందు చెయ్యి లేచింది. నుదురు, గుండె, ఆ భుజం, ఈ భుజం. నేను లేపలేదు, దేవుడి తోడు. బుద్ధెరిగిన కాడ్నుంచీ మంచినీళ్ళయినా అట్టా చెయ్యకుండా తాగి ఎరగను.

ఆమె చూసింది. ఆయన చూశాడు ఆమె చూడటం. గోడవతల ఎవరో రోకలితో దంచుతున్నారు.

"తాగమ్మా, చల్లారతయ్యి" అంది. గొంతు మారలేదు. అమ్మాయ్ అన్న మాట మాత్రం మళ్ళీ రాలేదు. తాగాం. గ్లాసులు కడిగి ఇవ్వబోతే – "మీరే ఉంచుకోండి."

స్టేషన్లో ఆయన అంటాడు, గ్లాసులు ఉంచుకోమందంటే ఉండమన్నట్టే కదా అని. అంత అమాయకుడు కాదు. నా కోసం అంటున్నాడు.

జులై 3, మంగళవారం

మూడో తరగతికి పాఠం చెప్తూ చెప్తూ ఆగిపోయా. ఒంట్లో బాలేదా టీచర్ అని ఒక పిల్ల అడిగింది. బాగుందన్నా.

జులై 5, గురువారం

కోర్టుకి సెలవు పెట్టి వచ్చాడు. అప్పుడే అర్థమైంది.

ఇంటావిడ పిలిపించిందంట. అరవలేదు, తిట్టలేదు. పాలు పొంగిన ఇంట్లోంచి చూలాల్ని పొమ్మంటే నాకు పాపం చుట్టుకుంటది, పొమ్మనను అందంట. కాకపోతే ముందు గుమ్మం తొక్కకూడదు, వెనక సందులోంచి రావాలి. బావి ముట్టకూడదు. పనిమనిషి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి తోడి, పైనుంచి మా బిందెలో పోస్తది. ఈయన సరేనని వచ్చాడు. నన్నొక్క మాట అడగకుండా.

"ఒక కప్పు కింద ఉంటాం కదా, ఆరోగ్యం" అన్నాడు.

మళ్ళీ ఆయనే, మెల్లిగా – "నీ చెయ్యి ఒక్క క్షణం ఆగుంటే…"

అనేశాడు. ఎప్పుడో అంటాడని తెలుసు. వాళ్ళ సంఘంలో సిలువ గుర్తు వేసుకోరు. ఆయన చెయ్యి ఎట్టాగూ లేవదు, ఆయనకేం.

"మీ అమ్మ మాట్లాడుతోందా, మీరా?" అన్నా.

పక్క గది టీచర్లు కిటికీ రెక్క దగ్గరికి వేశారు, మా మాటలు వినపడకుండా. ఆయన మొహం చూస్తే ఇంక తిట్టబుద్ధి కాలేదు. చిక్కిపోయాడు. మెస్సు కూడు.

వెళ్ళబోతుంటే అడిగా. రేపు బిడ్డ నడుస్తది, ఆడుకుంటూ బావి దగ్గరికి పోద్ది, అప్పుడేం చెప్పాలి? దాహమైతే పనిమనిషి వచ్చేదాకా ఆగమనాలా?

"అప్పటికి చూద్దాంలే."

"ఎట్టా చెప్తారండీ, పసిబిడ్డకి?"

ఆదివారం పొద్దుట బండికి పెట్టె తీసుకుని రా, పిడుగురాళ్ళ స్టేషన్లో ఉంటా అన్నాడు. రైలుకి పరిగెత్తాడు.

జులై 6, శుక్రవారం

ఎడ్లపాడు పోతే నీళ్ళలో ముంచుతారు. పిడుగురాళ్ళ పోతే నీళ్ళు ముట్టనివ్వరు. ఇక్కడే ఉంటే క్రిస్మస్ దాకా. మా పెళ్ళయ్యాక పోయింది మా అమ్మ, బతికుంటే ఏమనేదో… సర్దుకుపోవే అనేది. ఆ తరం మాట అదొక్కటే.

మంచి ఇల్లే. ఆ కిటికీ మంచిదే. ఆమె కూడా చెడ్డది కాదు, అదీ నా బాధ. చెడ్డదైతే నోరారా తిట్టుకుని ఊరుకునేదాన్ని.

జులై 7, శనివారం

పెట్టె తెరిచి ఉంది. సగం చీరలు పెట్టెలో, సగం దండెం మీద. పొద్దున్నుంచీ అంతే.

మధ్యాన్నం లెక్కలు దిద్దుతుంటే కడుపులో ఏదో కదిలినట్టయింది – చేప తోకాడించినట్టు. అదేనా? ఇంత తొందరగానా? ఎవర్ని అడగను, ఇక్కడున్నోళ్ళంతా పెళ్ళి కాని పిల్లలు. మళ్ళీ కదులుతుందేమోనని కలం పక్కన పెట్టి కూర్చున్నా. కదల్లేదు.

రేపు బండి ఎక్కితే ఆయనకి చెప్పొచ్చు. ఎక్కితే వెనక సందులోంచి పోవాలి. ఎక్కకపోతే… ఆ మనిషి సంగతి నాకు తెలుసు. ఈ బండి తప్పిపోయిందేమో అనుకుని తర్వాత బండి దాకా నిలబడతాడు. దానిక్కూడా రాకపోతే ఆ తర్వాత బండికి. సోమవారం కోర్టుకి పోతాడు. వచ్చే ఆదివారం మళ్ళీ అరటిపళ్ళతో బల్ల మీద కూర్చుంటాడు, ఎందుకు రాలేదని ఒక్క మాట కూడా అడగడు.