జానీ పేరు మీద

దోహా,
9 ఫిబ్రవరి 1996

పెద్దమ్మకు ప్రభువు నామంలో ఏసోబు వందనాలు.

ఇక్కడ నేనూ, కారూ క్షేమం. కవరు మీద జానీ అని ఉంటుంది, కంగారు పడకు. ఇక్కడ పరిచయమైన రఫీ సెలవు మీద అటు వస్తున్నాడు, చేతికిచ్చి పంపుతున్నాను. వాడు విప్పకుండా జిగురు చాలక అన్నం మెతుకులు కూడా పూశాను. అందుకే లోపల ధైర్యంగా నా పేరుతో రాసుకుంటున్నాను.

పోయిన నెల ఇరవైకి నీ కొడుకు జానీ పాము కరిచి చనిపోయి మూడేళ్ళయింది. విషానికి మొహం ఉబ్బిపోయి ఎవరూ పోల్చుకోలేదు. చేతికొచ్చిన వీసా వృథా కాకూడదని నువ్వు వాణ్ణి నా పేరుతో పాతిపెట్టించావు. నేను వాడి పాస్‌పోర్టు మీద ఇక్కడికొచ్చాను. పట్టుబడితే జైలే. అది తెలిసి కూడా మేడం "జానీ" అని పిలిస్తే ఒక్కోసారి పలకడం మర్చిపోతాను.

నేను కారు నడిపే మేడంవాళ్ళు అమెరికావాళ్ళు. సార్‌ది రాస్ లఫాన్‌లో గ్యాస్ పని. వీళ్ళని మార్మన్లంటారు. యేసుని నమ్ముతారు గానీ కాఫీ, టీ ముట్టరు. ఇక్కడ సెలవు శుక్రవారం కనక ఆ రోజే ఒకరింట్లో చేరి ఆరాధన చేసుకుంటారు. బయటివాళ్ళకి బోధించడం ఈ దేశంలో కుదరదు. అల్ వక్రాకి చేపల కోసం వెళ్తుంటే నేనే నోరు ఊరుకోక మేడంని అడిగాను.

వాళ్ళ మతం మొదలైన కథ విను. జోసెఫ్ స్మిత్ అని పధ్నాలుగేళ్ళ రైతుబిడ్డ. సంఘాలన్నీ కొట్టుకుంటుంటే ఏది నిజమో తెలియక అడవిలో మోకరించాడట. తండ్రీ కుమారుడూ ఇద్దరూ కనబడి దేంట్లోనూ చేరొద్దన్నారట. కొన్నేళ్ళకి మొరోనై అనే దూత వచ్చి, ఫలానా కొండలో బంగారు రేకుల గ్రంథం ఉందని చెప్పాడట. దాన్ని అక్కడ పాతిపెట్టింది కూడా ఆ మొరోనైయేనట పెద్దమ్మా! పధ్నాలుగు వందల ఏళ్ళ కిందటి మనిషి, తను దాచినదాన్ని చనిపోయాక తనే వచ్చి చూపించాడు. మిట్టమధ్యాహ్నం, అంత ఎండలో నాకు ఒళ్ళు జలదరించింది.

ఆ రేకుల మీది రాతే 1830లో పుస్తకంగా అచ్చయిందట. ఇక మేడం చేసే పని ఇంకో వింత. చనిపోయిన తన పూర్వీకుల పేర్లన్నీ వెతికి కంప్యూటర్లో ఎక్కిస్తుంది. బాప్తిస్మం లేకుండా పోయినవాళ్ళ పేరు మీద బతికున్నవాళ్ళు తమ దేవాలయంలో నీళ్ళలో మునుగుతారట. "మీ తాతగారి తండ్రి పేరేమిటి జానీ?" అని మామూలుగానే అడిగింది. నాకు తెలీదు. సిగ్గుతో చచ్చిపోయాను. గుడి రిజిస్టరులోంచి మనవాళ్ళ పేర్లు రాయించి పంపు.

ఇట్లు,
ఏసోబు

తా.క. మేడంకి పదకొండు తరాల తాతలు తెలుసు. నాకు తెలిసిన తాత ఒక్కడే, ఆయన గురించి నాకంటే కల్లుపాకవాళ్ళకే బాగా తెలుసు.

* * *

నర్సాపురం,
3 మార్చి 1996

చిరంజీవి ఏసోబుని పెద్దమ్మ శివకుమారి దీవించి రాయునది.

ఒరేయ్, నీ ఉత్తరం విప్పడానికి కత్తిపీట తేవలసి వచ్చింది. అన్నం తినడానికి వండుకో, అంటించడానికి కాదు.

చచ్చినవాళ్ళ పేర్లు ఎవరికి కావాలిరా? మనూళ్ళో అయితే ఓట్లకి కావాలి. ఎలక్షన్లు దగ్గరకొచ్చాయి, మా అత్తగారు ఇప్పటికి నాలుగుసార్లు ఓటేసింది చచ్చాక. కానీ అమెరికావాళ్ళకి మన అత్తగార్లతో ఏం పని? పేరు పట్టుకుని పిలిస్తే పోయినవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడతారని మా అమ్మ చెప్పేది. ఆవిడ పిలిస్తే వచ్చినవాళ్ళని నువ్వు కారెక్కించుకుని తిప్పుతావా ఏం?

నువ్వు సిగ్గుపడ్డావని రాశావు కనక సుబ్బారావు మాస్టారి చేత రిజిస్టరంతా ఇంగ్లీషులో ఎక్కించాను. ఆయన గుడి లెక్కలన్నీ చూసే మనిషి, అక్షరం వదలడు.

నా సంగతి ఒకటి చెప్పనా? మూడేళ్ళయింది, వాడి పేరు పెట్టి నేను ఏడవలేదు. సమాధి దగ్గర ఊరంతా చూస్తుంటే "ఏసోబూ" అని ఏడిచాను. నీ పేరంటే నాకు ప్రేమే, పెంచినదాన్ని కదా. కానీ కన్నకొడుకుని ఇంకో పేరు పెట్టి ఏడిస్తే ఆ ఏడుపు లోపలే ఉండిపోతుంది. వాడికి వినబడిందో లేదో కూడా తెలీదు.

దీవెనలతో,
పెద్దమ్మ

తా.క. నాకు ఇంగ్లీషు రాదు కనక జాబితా చదవలేదు. ఒక్క పేరూ వదల్లేదని మాస్టారు గట్టిగా చెప్పారు. అది విన్నప్పటినుంచి ఎందుకో గుండె దడగా ఉంది.

* * *

దోహా,
19 ఏప్రిల్ 1996

పెద్దమ్మకు, ఇంకా బతికే ఉన్న ఏసోబు వందనాలు.

నీ గుండెదడ నిజమే. మాస్టారు నన్నూ వదల్లేదు. తెలివితక్కువగా కవరు మేడం ముందే విప్పాను. ఆఖరి పేరు: ఏసోబు, ఇరవై నాలుగేళ్ళు, పాముకాటు, 1993. "అయ్యో, ఇంత చిన్నవాడా! ఎవరితను?" అంది. నోటికొచ్చింది తమ్ముడన్నాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సాయంత్రం సంతాపంగా కేకు చేసి పంపింది. నా చావుకి చేసిన కేకు నేనే తిన్నాను. బాగుంది.

మర్నాడు కంప్యూటరు దగ్గరికి పిలిచి చూపించింది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాల్లో నా పేరు, పక్కనే చనిపోయిన తేదీ. కిటికీలోంచి ఎండ పడి ఆ తెరలో నా మొహం కూడా కనబడుతోంది. ఆ తేదీ సరిగ్గా నా గొంతు మీద ఉంది. పెద్దమ్మా, నాకు భయమేసింది. నేను ఉన్నానని చెప్పడానికి ఈ దేశంలో నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. వేసవి సెలవుకి అమెరికా వెళ్ళినప్పుడు సార్ నా పేరు మీద మునుగుతారట. అందరికంటే దగ్గరి బంధువు, అంటే తల్లి, ఒప్పుకోనిదే చెయ్యరట. కాగితం జతచేశాను. ఏసోబు చనిపోయాడని, నీకు సమ్మతమేనని సంతకం పెట్టు. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడుగుతుంది. అడిగితే నా మొహం దాగదు.

వీళ్ళు 1837లోనే సముద్రం దాటి ఇంగ్లండు వెళ్ళారట. అక్కడ ముందు ఎవరు మునగాలా అని ఇద్దరు ఏటిదాకా పరుగు పందెం వేసుకున్నారట. 1853లో మద్రాసుకీ వచ్చారట గానీ ఏడాది తిరిగినా చేరినవాళ్ళు కొద్దిమందేనట.

ఇట్లు,
నీ సంతకం కోసం ఎదురుచూసే
ఏసోబు

తా.క. చనిపోయినవాడికి ఇష్టం లేకపోతే ఆ బాప్తిస్మం అక్కర్లేదని చెప్పే హక్కుందట. ఇంతవరకు నన్నెవరూ అడగలేదు.

* * *

నర్సాపురం,
24 మే 1996

ఏసోబుకి పెద్దమ్మ రాయునది.

మద్రాసుదాకా వచ్చినవాళ్ళు గోదావరిదాకా రాలేకపోయారా? మనవాళ్ళు ఎండకి తట్టుకోలేక అయినా మునిగేవాళ్ళు.

ఇవాళ సంతకం పెడదామనే కూర్చున్నానురా. పట్టపగలు, వీధి తలుపు తీసే ఉంది. మాస్టారు పక్కనే ఉన్నారు. పెన్ను కాగితం మీద ఆన్చగానే వాకిట్లో దగ్గు వినబడింది. కన్నకొడుకు దగ్గు నాకు తెలీదా? మాస్టారు కూడా తలెత్తి "ఎవరూ?" అన్నారు. వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. కోళ్ళన్నీ ఒక మూలకి చేరి నిలబడ్డాయి.

బతికున్నవాణ్ణి చచ్చాడని ఒకసారి చెప్పాను. రెండోసారి నా వల్ల కాదు. నీ పేరు కొట్టేయించి జానీ అని రాయించాను. నా కొడుకు జానీ చనిపోయాడు. సంతకం పెట్టాను. పెట్టి, మూడేళ్ళ ఏడుపూ వాడి పేరుతోనే ఏడిచాను. వీధివీధంతా వచ్చింది. పాదిరిగారికి నిజం చెప్పేశాను, రిజిస్టరు దిద్దుతానన్నారు.

ఆ కాగితం నీ చేతికిస్తే చింపేస్తావు. అందుకని వేరే కవరులో పెట్టి, మేడం చేతికే ఇమ్మని తిరిగొస్తున్న రఫీకి ఒట్టు పెట్టి పంపాను. నీకు జైలవుతుందేమోనని భయంగానే ఉంది. అయినా ఎక్కడో ఒక దేవుడి ముందు ఎవరో ఒకరు వాడి సొంత పేరు పలకాలి. నన్ను తిట్టుకో, పరవాలేదు.

పెద్దమ్మ

తా.క. బతికుండగా ఆదివారం గుడికి రమ్మంటే వల పట్టుకుని కాలవకి పోయేవాడు. ఇప్పుడు మాత్రం ఒప్పుకుంటాడని నాకు నమ్మకం లేదు. అయినా అడగమను. ఎవరైనా ఏదైనా అడిగితే వాడికి సరదా.

* * *

దోహా,
14 జూన్ 1996

పెద్దమ్మకు ఏసోబు వందనాలు.

నిన్ను రెండు రోజులు తిట్టుకున్నాను. ఇప్పుడు లేదు.

పోయిన శుక్రవారం ఆరాధన అయ్యాక మేడం ఆ కాగితం పట్టుకుని కారు దగ్గరికొచ్చింది. ముందు సీట్లో కూర్చుని, జానీ అన్న పేరు మీద వేలు పెట్టి చూపించింది. అంతా చెప్పేశాను. పామునుంచి విమానందాకా. "అయితే నీ పేరు?" అంది. ఏసోబు అన్నాను. మూడేళ్ళకి ఆ పేరు పైకి పలికితే నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"నేను నిన్ను పట్టివ్వను. ఎవరైనా అడిగితే మాత్రం అబద్ధం ఆడలేను. వెంటనే ఇంటికి వెళ్ళిపో" అంది. జైలనుకున్నవాడికి టికెట్టు దొరికింది. వచ్చే నెల వస్తున్నాను. విమానం జానీ ఎక్కుతాడు, ఊళ్ళో ఏసోబు దిగుతాడు. జానీ పేరు తనతో దేవాలయానికి తీసుకెళ్తానని మేడం మాటిచ్చింది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. కారు దిగబోతూ ఆగి అడిగింది: "నువ్వు ఏసోబువైతే, మరి వెనక కూర్చునే అబ్బాయి ఎవరు?"

ఏ అబ్బాయని అడిగాను.

"ప్రతి శుక్రవారం నీ కారులో వెనక కూర్చునేవాడు. నేను జానీ అని పిలిస్తే నీకంటే ముందు అతనే తలెత్తేవాడు. నీ స్నేహితుణ్ణి ఎక్కించుకుంటున్నావని, నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని అడగలేదు. రెండు వారాలుగా రావడం లేదు."

పెద్దమ్మా, నేను ఏ రోజూ ఎవర్నీ ఎక్కించుకోలేదు. మూడేళ్ళు వాడు నా వీపు వెనకే ఉన్నాడు. ఒక్కసారి కూడా పలకరించలేకపోయానే అని స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడిచాను.

నీ ఏసోబు

తా.క. ఎలా ఉండేవాడని అడిగాను. ముందుపళ్ళ మధ్య సందు, ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవాడట. కడసారి మే ఇరవై నాలుగున, నువ్వు వాడి పేరు రాయించిన రోజే, కారు దిగి మేడంతో ఏదో చెప్పి వెళ్ళిపోయాడట. ఆవిడకి తెలుగు రాదు. ఏదో థాంక్స్ చెప్పాడనుకుని, విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకుంది. నాకు పలికి చూపించింది. "అమ్మ పిలుస్తోంది" అన్నాడట.