భుజం నొప్పి నాదే అన్నాను

అమ్మకి,

ఇద్దరం కులాసా అని రాయాలనే ఉంది. నా భుజం పట్టేసిందని మీ అల్లుడు ఫోనులో చెబితే బెంగపడ్డావట. నా భుజం నిక్షేపంలా ఉంది. పట్టు తప్పుతున్నది ఆయన చేతులకి. ఈ పడవలో ఫోను మాట్లాడితే అంతా వినపడుతుంది, అందుకే కార్డు.

పెద్ద తెరచాపని బిగించే తాడు ఆయన లాగలేకపోతున్నారు. ఒప్పుకుంటేగా! నొప్పి నాదని చెప్పి, ఆ తాడుకి ఇంకో జత కప్పీలు వేయించాను. తాడు పొడుగైంది, బరువు సగమైంది. మొదట్లో ఒంటిచేత్తో లాగి మురిసిపోయారు. నిన్న గాలి పెరిగేసరికి అదీ చేతుల్లోంచి జారిపోయింది. నేను పరుగెత్తి పట్టుకున్నాను. సాయంత్రం నా భుజానికి మందు రాస్తూ "నొప్పి తగ్గిందా?" అన్నారు. తగ్గిందన్నాను. "అయితే ఇకమీదట తాడు నువ్వే పట్టుకో" అన్నారు, నా మొహం చూడకుండా.

వంటింటి కిటికీ బాగుచేయించారా? ఆయనకి గుండీలు లేని చొక్కాలు రెండు కుట్టి పంపు, కాస్త వదులుగా. నాన్నకి నమస్కారాలు, చెల్లికి ముద్దులు.

జవాబులో నా భుజం ఎలా ఉందని తప్పకుండా అడుగు. నీ కార్డులు ముందు ఆయనే చదువుతారు.

నీ పెద్దమ్మాయి