హెల్మెట్‌లో హోరు

మే 2, 1983, సోమవారం

మోటార్‌సైకిల్ బయటికి తీశాను. ఇది నాలుగో వేసవి. మా ఊరు షామ్‌బర్గ్ నుంచి హాస్పిటల్‌కి నలభై నిమిషాలు... ఫోన్ లేదు, బీపర్ వినపడదు, "డాక్టర్" అని పిలిచేవాళ్ళు లేరు. ఆ నలభై నిమిషాలూ నావి.

ఇంకా చలి. చెవుల్లో దూది, దానిపైన హెల్మెట్. చిన్నప్పుడు చలికాలం బస్సెక్కితే అమ్మ పెట్టేది, అలవాటు పోలేదు. దిగాక గంటసేపు చెవుల్లో కూత. మామూలే.

మే 4

మొదటి కేసు మూడేళ్ళ పిల్లాడు. మత్తిచ్చి గొంతులో ట్యూబ్ వేశాను. పసివాళ్ళకి ట్యూబ్ బిగుసుకోకూడదు, బ్యాగ్ నొక్కితే పక్కనుంచి కాస్త గాలి లీకై సన్నగా సుయ్‌మనాలి. నొక్కాను. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాను. ట్యూబ్ పెద్దదైంది, తీసి చిన్నది వేద్దామని చెయ్యి చాపాను.

డోరతి పదేళ్ళుగా నా పక్కన పనిచేస్తున్న నర్సు. "లీక్ ఉంది డాక్టర్. నాకు ఇక్కడికి వినిపిస్తోంది" అంది. ఆవిడ నిలబడింది టేబుల్‌కి అవతల.

పిల్లాడికేం కాలేదు. ఉన్న ట్యూబే ఉంచాను.

మే 5

నిన్న బండి దిగిన గంటలోపే ఆ కేసు. అప్పటికి కూత తగ్గలేదు. అదే కారణం, ఇంకేం లేదు. హోరు తగ్గించాలి.

వాచీతో చూసుకుంటున్నా. చెవి దగ్గరనుంచి దూరం జరుపుతూ పోతే టిక్‌టిక్ ఎంతవరకు వినిపిస్తుందని. బయల్దేరేముందు జానెడు. దిగాక నాలుగు వేళ్ళు.

మే 6

దూది రెండింతలు కుక్కాను. నాలుగు వేళ్ళే.

మే 7, శనివారం

మా ఆయనకి హోరు సంగతి చెప్పాను. పిల్లాడి సంగతి చెప్పలేదు. అమ్మేద్దాం అన్నారు. ఈ వయసులో బండేమిటి, అదీ హైవే మీద... నాలుగేళ్ళుగా ఇదే పాట. మీ ఆఫీసులో మగవాళ్ళు నడిపితే ఇలాగే అడుగుతారా అన్నాను. అన్నం తిని లేచారు.

కాఫీ అయ్యాక చూస్తే మనిషి గరాజ్‌లో, బండి చుట్టూ తిరుగుతున్నారు. భవనాల్లో గాలి గొట్టాలు, ఎయిర్ డక్ట్‌లు డిజైన్ చేసే మనిషికి గాలి మాటొస్తే చెయ్యి ఆగదు. "గాలి దానంతటది అరవదు. విరిగిన చోట అరుస్తుంది" అన్నారు. విరిగే చోటు కనిపెట్టాలట.

మే 8

ఆయన మా అమ్మాయి స్వాతి పాత స్వెట్టర్ విప్పి, గాలి ఎటు పోతోందో తెలియడానికి ఆ నూలు ముక్కలు విండ్‌షీల్డ్ మీదా హెల్మెట్ మీదా టేపుతో అంటించారు. నేను బండి మీద, వాళ్ళిద్దరూ పక్క లేన్‌లో కారులో. ఆయన డ్రైవింగ్, స్వాతి కిటికీలోంచి చూసి రాసుకోవడం. దారిన పోయేవాళ్ళంతా మమ్మల్నే చూశారు. చూడనీ.

షీల్డ్ మీది నూలు బుద్ధిగా వెనక్కి వాలింది. హెల్మెట్ గడ్డం దగ్గరది పిచ్చెక్కినట్టు ఆడింది. షీల్డ్ పైఅంచున విరిగిన గాలి సరిగ్గా నా మొహం మీదికొస్తోంది. కాళ్ళు పెట్టుకునే ఫుట్‌పెగ్‌ల మీద లేచి తల ఆ గాలికి పైకి పెడితే హోరు సగం! గాలి తగలకూడదని నిరుడు ఆ పెద్ద షీల్డ్ ఏరికోరి పెట్టించింది నేనే.

మే 9

వాన. కారులో వెళ్ళాను. విసుగు.

మే 14

ఆయన రంపంతో షీల్డ్‌ని ఆరు వేళ్ళు కోసేశారు. అమ్మేద్దామన్న మనిషి అంచుకి సాండ్‌పేపర్ కూడా పట్టారు. గడ్డం కింద సందుకి ఫ్లానెల్ ముక్కలో దూది కూరి బొంతలా కుట్టి, హెల్మెట్ అంచుకి గుండీలతో తగిలించాను. చూడ్డానికి పరమ వికారం.

దిగాక ఆరు వేళ్ళు. నయం.

మే 17

కారిడార్‌లో ప్రసాదరావుగారు కనిపించారు. మా హాస్పిటల్ చెవి డాక్టర్. మాటల్లో దూది సంగతి చెప్తే నిలబడిపోయారు. దూది చలికేనమ్మా, శబ్దానికి అది ఉన్నా లేకపోయినా ఒకటే అన్నారు. నేనూ డాక్టర్నే. నాలుగు వేసవులు, దూది కాపాడుతోందనుకుంటూ... సిగ్గుతో చచ్చాను.

ఆపరేషన్‌లో గుండె చప్పుడు వినడానికి నా చెవికి అచ్చు తీసి చేసిన ఇయర్‌పీస్ ఉంది. అదే పద్ధతిలో, రంధ్రం లేకుండా, రెండు చెవులకీ ప్లగ్‌లు చేయిస్తానన్నారు. అచ్చులు అప్పుడే తీయించారు. ఓసారి వినికిడి టెస్ట్ కూడా చేయించుకో అన్నారు. చూద్దాం లెండి అన్నాను.

మే 27

ప్లగ్‌లు వచ్చాయి. హైవే మీద అంత నెమ్మది ఎప్పుడూ ఎరగను. ఇంజన్ చప్పుడు చెవికంటే మోకాళ్ళకే ఎక్కువ తెలిసింది. దిగాక వాచీ జానెడు! బయల్దేరేముందు ఎంతో, అంతే.

ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాను. అయితే అమ్మక్కర్లేదన్నమాట అన్నారు. ఆయన గొంతులోనూ సంతోషమే.

మే 28

పొద్దున టిఫిన్ దగ్గర నేను వాచీ జరుపుతుంటే స్వాతి నవ్వింది. తనకి టేబుల్ ఆ చివరికి వినిపిస్తోందట. అబద్ధాలాడకు అన్నాను. కళ్ళు మూసుకుంది. వాచీ గుప్పిట్లో మూసినప్పుడల్లా "నౌ" అంది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయనకీ మూరెడు పైన వినిపించింది.

"అమ్మా, నీకు నిజంగా వినపడట్లేదా?"

జానెడే మామూలనుకున్నాను. ఎవరితోనూ పోల్చి చూసుకోలేదు.

మే 31

మూడు రోజులుగా బండి ఎక్కలేదు. అయినా వాచీ జానెడే.

జూన్ 3, శుక్రవారం

బయటి చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి వినికిడి టెస్ట్ చేశారు. లావు గొంతు శబ్దాలన్నీ బాగానే ఉన్నాయి. సన్నవి రెండు చెవుల్లోనూ పడిపోయాయి. కాగితం మీద గీత ఒక్కసారి కిందికి జారింది. పోయింది తిరిగి రాదమ్మా, ఉన్నది కాపాడుకో అన్నారు ప్రసాదరావుగారు.

గుండె చప్పుడు వినిపిస్తుందా అన్నాను. వినిపిస్తుందన్నారు.

పసిపిల్లల ట్యూబ్ లీక్? కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. "మీ డిపార్ట్‌మెంట్ చీఫ్‌కి నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

జూన్ 4

బండి మీద వెళ్ళొచ్చాను. కోసిన షీల్డ్, బొంత, ప్లగ్‌లు. హోరు లేదు. అది పోయాక లోపలి కూత స్పష్టంగా వినిపించింది, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ. ఇల్లు చేరి హెల్మెట్ తీశాక కూడా.

జూన్ 5, ఆదివారం

ఆయనకి అంతా చెప్పాను, మూడేళ్ళ పిల్లాడితో సహా. ఆయన బండి ఊసెత్తలేదు. పిల్లల కేసులు ఇంకొకరు చేస్తే కుదరదా అన్నారు మెల్లిగా. కుదురుతుంది. పిల్లల కేసులంటే నన్నే పిలుస్తారు. కష్టపడి సంపాదించుకున్న పేరు అది. అది ఇంకొకరికి ఇచ్చేసి పెద్దవాళ్ళ మోకాళ్ళ ఆపరేషన్ల దగ్గర కూర్చోవాలి. అసలు పనే తీసేస్తే?

భయంగా ఉంది. ఆయనతో అనలేదు.

రేపు మొదటి కేసు ఏడున్నరకి. నాలుగేళ్ళ పాప, టాన్సిల్స్. చీఫ్ ఆరున్నరకే వస్తాడు.